బాగా రాశానని చెప్పిన రోజు

పోయిన శనివారం మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు పరీక్ష రాసి నేరుగా మా ఇంటికి వచ్చింది. మేం ఉండేది ఆక్లాండ్‌లో, హాబ్సన్‌విల్ వైపు. పిల్ల ఇదే ఊళ్లో ఇంకో చివర, మనురేవాలో, ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఫ్లాట్‌లో ఉంటుంది. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఒక అకౌంట్స్ ఆఫీసులో కుదురుకుని, పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రాలు పుస్తకాల ముందు కూర్చుని, మొత్తానికి అకౌంటెంట్ల ఆఖరి పరీక్ష దాకా వచ్చింది. ఆ పరీక్ష మనిషిని ఎంత పిండుతుందో ఒకప్పుడు రాసినదాన్ని కనుక నాకు తెలుసు. అందుకే పొద్దున్నే గుత్తి వంకాయ కూర చేసి, పప్పుచారు కాచి, పిల్ల ఏ మొహంతో వస్తుందోనని కిటికీలోంచి రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను.

వెలిగిపోయే మొహంతో వచ్చింది. చేయి కడుక్కుని కంచం ముందు కూర్చున్నది మొదలు అరగంట సేపు, కలిపిన ముద్ద కలిపినట్టే ఉండగా, ఏ ప్రశ్నకు ఏం రాసిందో, ఎక్కడ ఒక్క క్షణం తడబడి మళ్లీ సర్దుకుందో, చివర మిగిలిన పావుగంటలో మొదటి జవాబు ఎలా దిద్దుకుందో పూసగుచ్చినట్టు చెప్పింది. "ఇరగదీశాను పెద్దమ్మా" అంది. నాకు కడుపు నిండిపోయింది. అంతలో తెనాలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. పిల్ల ఫోన్ ఎత్తిందో లేదో గొంతు నీరసపడిపోయింది, భుజాలు కూడా జారిపోయాయి. "ఏదో రాశానమ్మా... పేపర్ చాలా టఫ్‌గా ఇచ్చారు... ఏమో, పాసైతే చాలు" అని, అటునుంచి వాళ్లమ్మ ఓదార్పు రెండు నిమిషాలు విని, ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు ఇంకొంచెం కూర వెయ్యమంది. నాకు ఒళ్లు మండింది. కూర గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టేసరికి పక్క గదిలో ఉన్న మావారు తొంగి చూసి, సంగతి అర్థమై, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

మన తరం వాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. పరీక్ష రాసి వచ్చిన పిల్ల బాగా రాశానని నోటితో అనకూడదు, అంటే దిష్టి తగులుతుంది, వచ్చే మార్కులు కూడా రాకుండా పోతాయి. మా అమ్మ ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. తెనాలిలో మా గేటు దగ్గర పక్కింటి పిన్నిగారు కాచుకుని ఉండేది, ఆవిడ పిల్లలూ నాతోపాటే చదివేవాళ్లు మరి. నేను అట్టా, పెన్నూ పట్టుకుని వీధి మలుపు తిరగ్గానే ఆవిడ ఎలా రాశావే అని అడిగేది. నేను నోరు తెరిచేలోపు అమ్మ లోపల్నుంచి వచ్చి, ఏం రాస్తుందండీ, పుస్తకం ముట్టుకుంటే కదా, ఏదో గట్టెక్కితే అదే పదివేలు అనేసేది. నేను తెల్లవారుజామున లేచి చదివానని అమ్మకు తెలియక కాదు, నాతోపాటు లేచి పాలు కాచి ఇచ్చింది ఆవిడే. పిన్నిగారు వెళ్లాక నన్ను వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టి, గుప్పిట్లో కల్లుప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయలు ఘాటెక్కకపోతే, చూశావా ఎంత దిష్టి తగిలిందో అని తృప్తిపడేది. ఘాటెక్కితే దగ్గుకుంటూ తృప్తిపడేది.

కాలేజీకి వచ్చేసరికి మాకు అమ్మలు పక్కన లేకపోయినా ఆ విద్య వంటబట్టేసింది. మా క్లాసులో ఒకమ్మాయి ప్రతి పరీక్ష తర్వాతా మెట్ల మీద కూర్చుని, పోయిందే, ఈసారి ఖాయంగా పోయిందే అని కళ్లనీళ్లు పెట్టుకునేది. మేమంతా తాగుతున్న సోడాలు పక్కన పెట్టి ఓదార్చేవాళ్లం. ఫలితాలొస్తే అదే కాలేజీ ఫస్టు. మరుసటి ఏడాదీ అవే మెట్లు, అవే కన్నీళ్లు, మళ్లీ మేమే ఓదార్పు. అబద్ధమని దానికీ తెలుసు, మాకూ తెలుసు, అయినా ఎవరమూ ఒక్క మాట అనేవాళ్లం కాదు, ఎందుకంటే మా వంతు వచ్చినప్పుడు మేమూ అదే చెయ్యాలి కదా. మగపిల్లలకు మాత్రం ఈ నియమం పెద్దగా ఉన్నట్టు నాకు గుర్తులేదు. వాళ్లు సైకిలు స్టాండు దగ్గరే దంచేశామని చెప్పుకునేవాళ్లు, వాళ్లకు ఏ దిష్టీ తగిలేది కాదు.

ఇదంతా సరదాకి చెప్పుకునే సంగతే అయితే నేను ఇన్నేళ్ల తర్వాత కూర గిన్నెలు ఎత్తి కొట్టేదాన్ని కాదు. మా అన్నయ్య ఒక ఏడాది తప్పి, నాతోపాటే ఇంటర్ పరీక్షలు రాశాడు. ఆ వేసవిలో నాన్న మమ్మల్నిద్దరినీ వరండాలో నిలబెట్టి, విజయవాడలో సీఏ కోచింగుకు ఒకరినే పంపగలను, ఎవరు ఎలా రాశారో చెప్పండి అన్నారు. అన్నయ్య, ఫస్టు క్లాసు ఎక్కడికీ పోదు నాన్నా అన్నాడు. నేను తలుపు వెనక నుంచి అమ్మ చూస్తున్న చూపు చూసి, ఏదో రాశాను నాన్నా అన్నాను. నాన్న మనుషుల మాట నమ్మే మనిషి. మర్నాడే వెళ్లి అన్నయ్యకు సీటు ఖాయం చేసి వచ్చారు. ఫలితాలొచ్చాక నా మార్కుల కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, మరి అలా అన్నావేమ్మా అని అడిగారు. అన్నయ్య మూడు నెలలకే తిరిగొచ్చి ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, హాయిగా ఉన్నాడు, వాడి మీద నాకే కోపమూ లేదు. నేను ఊళ్లోనే బీకాం చదివి, అది నా రాత అనుకున్నాను. రాత కాదు, నా నోటి మాట అని అప్పుడు తట్టలేదు.

అలా అనుకుంటూనే ఇరవై ఏళ్లు గడిచాయి. పెళ్లయింది, హైదరాబాదులో రకరకాల కంపెనీల లెక్కలు చూశాను, మావారికి వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే మా అమ్మాయిని తీసుకుని వచ్చేశాం. నా డిగ్రీకి ఇక్కడ సగమే విలువ కట్టారు. మిగతా సగానికి ఒక్కొక్క పేపరే రాసుకుంటూ, ఒక ప్రభుత్వ శాఖ లెక్కల విభాగంలో ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద చేరాను. నలభై దగ్గర పడ్డాక, పాతికేళ్ల పిల్లల పక్కన కూర్చుని చదవడం ఎలా ఉంటుందో చదివినవాళ్లకే తెలుస్తుంది. బస్సులో చదివేదాన్ని, అన్నం ఉడికే లోపల చదివేదాన్ని, గాలికి గొడుగు తిరగబడుతున్నా చేతిలో కాగితాలు మాత్రం వదలకుండా ఆఫీసుకు నడిచేదాన్ని. అలా అన్నీ అయి ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే మావారి కాంట్రాక్టు అయిపోయింది, కొత్తది దొరకలేదు. అదే సమయంలో మా విభాగంలో సీనియర్ అకౌంటెంటు పోస్టు ఖాళీ అయింది. పర్మనెంటు పోస్టు. మా మేనేజరు యాభై దాటిన కివీ ఆవిడ, అంటే ఈ దేశపు మనిషే, పొట్టి జుట్టు, మగవాళ్లలా పెద్ద అంగలు. ఆవిడను పేరు పెట్టి పిలవడానికి నాకు ఏడాది పట్టింది, ఇప్పటికీ ఆ పేరు ఇక్కడ రాయడానికి చేయి రావడం లేదు. ఆవిడ నన్ను పిలిచి, ఈ ఆఖరి పరీక్ష గట్టెక్కేలా ఉంటే ఆ కుర్చీ నీకే ఇవ్వమని పైకి రాస్తాను, బయట ప్రకటన కూడా అక్కర్లేదు అంది. ఇంట్లో ఒక జీతం ఆగిపోయిన నెల అది. ఆ కుర్చీ మాకు ఎంత అవసరమో ఆవిడకు తెలియదు, నేనూ చెప్పలేదు.

పరీక్షలో ఒక కుటుంబ వ్యాపారం కథ ఇచ్చారు. ఆపిల్ పళ్లు ప్యాక్ చేసే షెడ్డు, దాన్ని నడిపే పెద్దాయన, పక్కన అమ్మకానికి వచ్చిన ఇంకో షెడ్డు. ప్రశ్నలు నాలుగు భాగాలు. మొదటి మూడూ లెక్కలూ, వాటి వెనక కారణాలూ. నాలుగో భాగంలో ఆ పెద్దాయనకు సలహా ఇస్తూ ఉత్తరం రాయాలి. మొదటి మూడు భాగాలు రాస్తున్నప్పుడు నాకు చుట్టూ ఏమీ కనబడలేదు. ఎన్నో ఏళ్లు ఎవరెవరి లెక్కలో సరిదిద్దిన చేతికి ఆ షెడ్డు గుట్టు పట్టుకోవడం ఎంతసేపు! బయటికి వచ్చి హార్బరు పక్క బల్ల మీద కూర్చుని, గాలికి ఎగిరిపోతున్న నోటుబుక్కును మోకాలితో అదిమిపెట్టి, ప్రశ్నలన్నీ గుర్తు తెచ్చుకుని నా జవాబులు పక్కన రాసుకున్నాను. పరీక్ష కాగానే పేపరు మళ్లీ ఒకసారి ఇంట్లో చేసి చూసుకోవడం నాన్న పెట్టిన అలవాటు. చూసుకున్నాను. బాగా రాశాను. ఆ మాట మనసులో అనుకుని, నా మనసుకే దిష్టి తగులుతుందేమోనన్నట్టు గబగబా లేచి బస్సు స్టాపుకు నడిచాను.

సోమవారం పొద్దున ఆఫీసు కిచెన్‌లో కెటిల్ దగ్గర మేనేజరు ఎదురైంది. పరీక్ష ఎలా జరిగింది అని అడిగింది. నేను, అమ్మ పెంచిన కూతుర్ని, తల అడ్డంగా ఊపి, బాగా రాయలేదు, పాసవుతానని అనుకోవడం లేదు అన్నాను. ఇక్కడి వాళ్లు కూడా గొప్పలు చెప్పుకోరు, అద్భుతంగా జరిగినదాన్ని ఫరవాలేదు అంటారు, అది నాకు అప్పటికే తెలుసు. ఫరవాలేదు అని ఉంటే సరిపోయేది. కానీ మన వినయం అక్కడ ఆగదు కదా, నేల దాకా వంగి ఇంకా కిందికి తవ్వుకుంటూ పోతుంది. ఆవిడ మొహం నిజంగా వాడిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకోసారి రాద్దువుగాని, బెంగపడకు అని, తను ఇంట్లో చేసి తెచ్చుకున్న కేకులో సగం నాకు పెట్టింది. నేను కళ్లు దించుకుని ఆ కేకు తిన్నాను. పక్కింటి పిన్నిగారికి జవాబు చెప్పినంత తృప్తిగా తిన్నాను, అదీ నా తెలివి.

గురువారం ఆఫీసు మెయిల్లో ఆ పోస్టుకు ప్రకటన వచ్చింది. బయటివాళ్లెవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చట. మేనేజరు నా బల్ల దగ్గరకు వచ్చి, నీకు ముందే చెబుదామనుకున్నాను, నువ్వు పరీక్ష పోయిందన్నావు కదా, ఆ కుర్చీ ఇంకో ఏడాది ఖాళీగా ఉంచలేను అని ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. ఆవిడ తప్పేముంది, నేను చెప్పినదే నమ్మింది. ఆ క్షణంలో నాకు మా వరండా, చేతిలో కాగితం పట్టుకున్న నాన్న, మరి అలా అన్నావేమ్మా అన్న ప్రశ్న అన్నీ కళ్లముందుకు వచ్చాయి. ఒకే గోతిలో రెండోసారి పడ్డాను, ఈసారి తలుపు వెనక అమ్మ కూడా లేదు.

ఇంటికి వచ్చి మావారితో చెబితే, "అలా ఎందుకు చెప్పావు? నాతో బ్రహ్మాండంగా రాశానన్నావు కదా!" అని లేచి నిలబడ్డారు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. మళ్లీ ఆయనే, మీ అమ్మ ఫోన్ చేస్తే నేనూ పోయిందనే చెప్పాను అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడవలేదు మాత్రం. అంత ఉక్రోషం నాకు ఎప్పుడూ రాలేదు. నా మీద, ఆ గేటు మీద, ఆ మెట్ల మీద, ఆడపిల్ల నోట మంచి మాట వస్తే విరుచుకుపడే ఆ దిష్టి మీద, అన్నిటి మీదా వచ్చింది. తగిలితే తగలనీ, నాకిక తగలడానికి మిగిలిందేముంది అనుకున్నాను.

మర్నాడు నా నోటుబుక్కు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లి, కూర్చోమనకుండానే కూర్చుని, మీతో సోమవారం అబద్ధం చెప్పాను, నేను పరీక్ష బాగా రాశాను అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఎందుకు అబద్ధం చెప్పావు అంటే, మా ఊళ్లో అలాగే చెబుతాం అని, దిష్టికి ఇంగ్లీషు మాట దొరక్క తడుముకుంటూ వివరించాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. రోజూ నువ్విచ్చే అంకెల కింద నేను సంతకం పెడుతున్నాను, ఉన్నదానికంటే తక్కువ చెప్పినా అది తప్పుడు అంకే, రేపు నువ్వు చెప్పేవాటిలో దేన్ని నమ్మమంటావు అని అడిగింది. చెంప మీద కొట్టినట్టయింది. వినయం అనుకున్నది ఆవిడ లెక్కలో తప్పుడు అంకె అయింది, ఆలోచిస్తే నా లెక్కలోనూ అంతే. సరే, అయితే ఇప్పుడు అసలు అంకె చెబుతాను, రాసుకోండి అన్నాను. అంత మాట ఎలా అన్నానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆవిడ నిజంగానే పసుపు కాగితాల పుస్తకం ముందుకు లాక్కుని రాసుకుంది. మొదటి భాగం బాగా రాశాను, ఇదిగో ఇలా. రెండోది చాలా బాగా రాశాను. మూడోదాంట్లో ఒక చిన్న పొరపాటు చేశాను, అయినా గట్టెక్కుతాను. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి, ఆ ఉత్తరంలో ఏం రాశావు, రెండో షెడ్డు కొనమన్నావా వద్దన్నావా అని అడిగింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. కొంటే మునిగిపోతారని నా లెక్కల్లో స్పష్టంగా తేలింది, ఉత్తరంలో మాత్రం, లాభనష్టాలు రెండూ మనవి చేసుకున్నాను, అనుభవజ్ఞులైన మీరే తగిన నిర్ణయం తీసుకోగలరు అని ముగించాను. పెద్దాయన కదా, ఆయన వ్యాపారం కదా, వద్దు అని మొహం మీద చెప్పడం మర్యాద కాదనిపించింది. పరీక్ష పేపర్లో తప్ప ఎక్కడా లేని మనిషికి మర్యాద చేసి వచ్చాను! నేనే, నాలుగో భాగం పోయింది, రాసుకోండి అన్నాను. ఆవిడ రాసుకుంది. ప్రకటన వెనక్కి తీసుకోలేను గానీ నువ్వూ దరఖాస్తు పెట్టు, ఫలితాలు వచ్చాకే ఇంటర్వ్యూలు పెడతాను అంది.

ఆ తర్వాత ఆరు వారాలు నేను ఎవరు అడిగినా బాగా రాశానని చెప్పాను. అడగనివాళ్లకూ చెప్పాను. ఒక ఆదివారం తెలుగువాళ్లందరం ఒకరింట్లో కలిస్తే, పులిహోర వడ్డిస్తున్న ఒకావిడ నా మాట విని గరిటె గాల్లోనే ఆపేసి, "అలా అనకు తల్లీ, ఫలితాలు రానీ" అని నా నోరు మూసినంత పని చేసింది. మూయించుకోలేదు. అమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పాను. అమ్మా, మొదటి మూడు భాగాలు బాగా రాశాను, నాలుగోది నా తెలివితక్కువతనం వల్ల పోయింది, అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను, నువ్వు కూడా పక్కింటి పిన్నిగారికి ఇదే చెప్పాలి అన్నాను. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. "నీకేమైందే" అని మాత్రం అంది.

ఫలితం వచ్చింది. పోయింది. కాస్తలో పోయింది, కానీ పోవడం పోవడమే. అమ్మ ఫోన్లో ఏడ్చింది, నేను చెబుతూనే ఉన్నాను కదే, నోటితో అన్నావు, చూశావా అంది. మావారు కాఫీ కలిపి తెచ్చి ఇచ్చారు, అమ్మ మాట కంటే అదే ఎక్కువ బాధేసింది. పులిహోర ఆవిడ ఫోన్ చేసి, నేను ఆ రోజే అన్నాను అనడం మరిచిపోలేదు. ఎవరికీ కనబడకుండా ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించింది. దరఖాస్తు వెనక్కి తీసుకోమని నాకు ఎవరూ చెప్పలేదు, కానీ అందరూ తీసుకుంటాననే అనుకున్నారు. నేను తీసుకోలేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, దాని మీద చలికోటు వేసుకుని, ఎదురుగాలిలో కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని ఇంటర్వ్యూకు నడిచి వెళ్లాను.

ముగ్గురు కూర్చున్నారు. పరీక్ష సంగతేమిటి అని ఒకాయన అడిగితే, తప్పాను అన్నాను. అప్పుడు మా మేనేజరు రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి ఆ రోజు పసుపు కాగితం మీద రాసుకున్నది, ఇంకోటి నేను ఇచ్చిన ఫలితాల పత్రం, అందులో ఏ భాగంలో ఎలా చేశానో విడివిడిగా ఉంది. మొదటిది బాగుంది. రెండోది చాలా బాగుంది. మూడోది గట్టెక్కింది. నాలుగోది పోయింది, మొత్తాన్ని అదే ముంచింది. ఒక్క పిసరు తేడా లేదు. ఈవిడ పరీక్ష తప్పింది గానీ ఈవిడ చెప్పిన అంకె తప్పలేదు, నేను సంతకం పెట్టేది అంకెల కిందే అంది మేనేజరు మిగతా ఇద్దరి వంకా చూస్తూ. అంతసేపు రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. ఏడాదిలోగా పరీక్ష పాసవ్వాలన్న షరతు మీద ఆ కుర్చీ నాకు ఇచ్చారు.

రెండోసారి రాసి వచ్చిన రోజు నేనే ముందుగా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మా, ఈసారి నాలుగు భాగాలూ బాగా రాశాను అన్నాను. ఈసారి ఉత్తరం ఇంకెవరికో, ఒక హోటలావిడకి. మొదటి వాక్యంలోనే కొనవద్దు అని రాసి, కారణాలు ఆ తర్వాత చెప్పాను. తిడుతుందనుకున్నాను. "సరే, నువ్వు చెప్పదలుచుకున్నది నువ్వు చెప్పుకో. దిష్టి సంగతి నేను చూసుకుంటాను" అంది. ఫోన్ అన్నయ్య చేతికిచ్చి లోపలికి వెళ్లింది. గోడ మీద నా పెళ్లి ఫోటో దించి, దాని చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతోందని అన్నయ్య నవ్వుతూ చెప్పాడు. మిరపకాయల ఘాటుకు వాడు దగ్గడం ఇక్కడికి వినబడింది. నేను పాసయ్యాను. ఎవరి వల్ల అంటే నా వల్లే అంటాను, అమ్మ బతికున్నన్నాళ్లూ ఉప్పు వల్ల అనేది. ఈ విషయంలో ఇద్దరమూ తగ్గలేదు.

ఇప్పుడన్నీ మారిపోయాయి. పరీక్షకు అట్టా పెన్నూ అక్కర్లేదు, అంతా కంప్యూటర్లోనే. ఎలా రాశావని అడగడానికి గేటు దగ్గర ఏ పిన్నిగారూ కాచుకోదు, ఎవరి పిల్లలు ఏ పరీక్ష రాస్తున్నారో పక్కింట్లోనే తెలియదు. ఇక్కడే పెరిగిన మా అమ్మాయి ఏం చేసినా బాగా చేశానని నిర్భయంగా చెబుతుంది, ఇంగ్లీషులో చెబుతుంది గనక ఆ భాషకు దిష్టి తెలియదనుకుంటాను. నా కుర్చీలోంచి రిటైరైపోయి, ఉత్తరాన ఎండ ఎక్కువని మేం ఆక్లాండ్ చేరాం. అమ్మ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నేను ఏం చెప్పినా ఉలిక్కిపడి ఉప్పు డబ్బా దగ్గరకు పరుగెత్తేవాళ్లు లేరు. దాంతోనే కదా ఇన్నాళ్లూ పోట్లాడాను, అది లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

శనివారం సంగతికి వస్తే, నేను ఈ కథంతా చెప్పి, మీ అమ్మకు ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పు అన్నాను. మా చెల్లెలి కూతురు చేయి కూడా కడుక్కోకుండా, స్పీకరు ఆన్ చేసి, "అమ్మా, ఇందాక ఊరికే అన్నాను. బాగా రాశాను. చాలా చాలా బాగా రాశాను" అంది. అటువైపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. తర్వాత మా చెల్లెలు గొంతు తగ్గించి, "ఎవరైనా విన్నారేమోనే... అక్క పక్కనే ఉందా? ఒక్కసారి ఉప్పు తిప్పమను" అంది.

పిల్ల నా వంక చూసి నవ్వింది, నేను ఎగిరి పడతాననుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. మిరపకాయలు కాల్చానంటే ఈ ఇళ్లల్లో పొగ అలారం మోగి వీధంతా బయటికొస్తుంది, అందుకని ఒట్టి ఉప్పే గుప్పిట నిండా తీసుకుని, పిల్లను కిటికీ దగ్గర నిలబెట్టి మూడుసార్లు తిప్పాను. ఎవరు అడిగినా బాగా రాశాననే చెప్పు, ఒక్క పిసరు తగ్గించకు, దిష్టి సంగతి నేను చూసుకుంటాను అన్నాను. అనేశాక గానీ తెలియలేదు అది ఎవరి మాటో. ఆ ఉప్పు సింకులో పోసి, కుళాయి తిప్పి, అది పూర్తిగా కరిగేదాకా కట్టకుండా నిలబడ్డాను.